అందరి ఫైలుకీ ఒకటే పేరు

టోవా పాయో, సింగపూర్
12 మార్చి 2000

ఉమక్కా,

ఈమెయిల్ కొట్టకుండా ఉత్తరం ఏమిటని నవ్వకు. "ఈమెయిల్లో నువ్వు అరుస్తావురా, ఉత్తరంలో అయితే కాగితం తిప్పేటప్పుడైనా కాస్త ఆగుతావు" అన్నది నువ్వే. అందుకే కాగితం మీద అరుస్తున్నాను, విను.

మొదలుపెట్టేశాను! పేరు "మనచోటు". ఎవరైనా వచ్చి ఉచితంగా సైటు పెట్టుకోవచ్చు. ప్రకటనలు అంటించం. నువ్వెవరు, ఎక్కడివాడివి అని అడగం. రెండు నిమిషాల్లో చోటు ఇచ్చేస్తాం.

ఉచితంగా చోటిచ్చేవాళ్ళు ఊరికి వందమంది ఉన్నారు కదరా అంటావు. ఉన్నారు. వాళ్ళిచ్చేది ఉత్త గోడ. రాసుకో, బొమ్మ అంటించుకో, పో. వచ్చినవాడు ఏదైనా అడిగితే గోడ జవాబు చెప్పదు. పేజీ వెనక ప్రోగ్రాం నడిస్తేనే జవాబు. పేరు రాస్తే దాచుకోవాలి, అడిగితే వెతికి తియ్యాలి. ఆ సౌకర్యం ఇచ్చేవాళ్ళూ కొందరున్నారు గానీ, విండోస్ పద్ధతి ప్రోగ్రాములు నడవనివ్వరు. మరి మన పలాసలో, టెక్కలిలో, శ్రీకాకుళంలో ఇన్‌స్టిట్యూట్లు నేర్పేదేమిటి? విండోస్, విజువల్ బేసిక్. మనవాళ్ళకొచ్చిన ఆ ఒక్క విద్యనీ నెట్ మీద వాడాలంటే డాలర్లు పోసి సర్వర్ అద్దెకి తీసుకోవాలట! విద్య నేర్పి, పనిముట్టు లాక్కోవడం కాదా ఇది? ఆ పనిముట్టు నేనిస్తున్నాను. నా జీతంతో కొన్న మిషన్ మీద ఇస్తున్నాను.

కాలేజీలో ఉన్నప్పుడు నేను రోడ్డు మీద దొరికిన ప్రతి కరపత్రమూ పోగేస్తే, "పకోడీ కాగితాల పండితుడు" అని వెక్కిరించేదానివి. ఇప్పుడు నేనే ఒకటి రాశాను. "తొలి పాఠం", ఆరు పేజీలు. తెలుగు అక్షరాలు ఒక్కో కంప్యూటర్లో ఒక్కోలా విరుగుతాయి కాబట్టి, చేత్తో రాసి స్కాన్ చేసి సైట్లో పెట్టాను. అందులో నమూనా ప్రోగ్రాం ఉంది. చూసి కొడితే చాలు, సైటు నడుస్తుంది.

మిషన్ ఎక్కడుందనుకున్నావు? మా ఇంటివాళ్ళ హాల్లో, దేవుడి గూటి కింద. కృష్ణయ్య అంకుల్ తాతగారు విశాఖ నుంచి ఓడెక్కి వచ్చారట. అంకుల్ ముప్పై ఏళ్ళు షిప్‌యార్డులో చేసి రిటైరయ్యారు. ఆయన తెలుగులో సగం తమిళం, చారెడు మలయ్. నన్ను "తంబి" అంటారు. వెంకటరమణమ్మ ఆంటీ మిషన్ మీద దుమ్ము పడుతుందని మొన్న ఎర్ర సిల్కు గుడ్డ కప్పేశారు. వేడెక్కి చచ్చి ఊరుకుంది. "పాపం, దానికీ ఉక్కపోతేనా?" అన్నారు.

నా గదిలో ఉండేది వివేక్ అని, వరంగల్ వాడు. ఇద్దరం వైటూకే పని మీద వచ్చినవాళ్ళమే. వాడికి అన్నిట్లోనూ అనుమానాలే. "అరె భయ్, అందరి ప్రోగ్రాములు ఒక్క మిషన్ల నడిపిస్తున్నవ్, ఒకని సామాను ఇంకొకడు ఎత్తుకపోతే?" అన్నాడు. "మనది ఉమ్మడి ఇల్లురా, నీది లాకర్ బుద్ధి" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు.

నీ నెట్ సెంటర్ తరఫున ఏదో ఒకటి కట్టు అక్కా. పలాస నుంచి మొదటి సైటు నీదే కావాలి.

నీ తమ్ముడు
శ్రీనాథ్

*

పలాస
9 ఏప్రిల్ 2000

ఒరే శ్రీనూ,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు బల్ల గుద్దుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. పిన్ని కొడుకువి కాబట్టి భరిస్తున్నాను.

కట్టాను. పేరు "కబురు". ఎందుకో చెప్తాను.

మా సెంటర్‌కి రత్తమ్మ అని వస్తుంది. మొగుడు నూకరాజు మీ ఊళ్ళోనే ఓడలకి రంగులేసే పనిలో ఉన్నాడు. ఆవిడ తమ్ముడూ అక్కడే. ఇక్కడి ఏజెంటు బసవయ్య పంపిన బ్యాచి. ఫోన్ చేస్తే నిమిషానికింత అని నోరు నొక్కేసుకుంటారు. "కంపూటర్లో మా ఇంటోడు కనిపిత్తాడేటమ్మా?" అని అడిగింది. కనిపించడు గానీ కబురు చెప్తాడు అన్నాను. ఆదివారం వాళ్ళు అక్కడ నెట్ షాపులో ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు తెలుగు ముక్కలు కొడితే, సోమవారం నేనిక్కడ చదివి ఇళ్ళకి చెప్తాను. నెలలోపే పాతిక ఇళ్ళయ్యాయి.

అయితే వాళ్ళు రాసేది ఉత్త క్షేమసమాచారాలే కాదురా. ఓడ అడుగున ట్యాంకుల్లోకి దిగి రంగు వేస్తారట. ఆ వాసనకి కళ్ళు తిరుగుతాయట. నలుగురికి ఒక మాస్కు. పడిపోతే పైకి లాగడానికి తాడు కూడా కట్టరట. ఇవన్నీ ఎవరికి చెప్పుకోవాలో తెలీక నా పేజీలో చెప్పుకుంటున్నారు. నేను మాటలు మాత్రం అందరికీ కనిపించేలా పెట్టి, పేరూ ఊరూ పని నంబరూ ఫైల్లో దాస్తున్నాను. ఎవరి మాట ఏ ఇంటికి చేర్చాలో నాకు తెలియాలి కదా.

ఇక్కడ ఒక్కటి అడగాలి. నీ పాఠంలో పేర్లు దాచే ఫైలుని పేజీలున్న ఫోల్డర్లోనే పెట్టమన్నావు. దానికి "పేర్లు" అనే పేరే పెట్టమన్నావు. మా ఇన్‌స్టిట్యూట్ రామారావు సారు చూసి, "అమ్మా, ఊరందరికీ తెలిసిన ఫోల్డర్లో దాచుకునేదేముంటుంది? వేరేచోట పెట్టాలి గదా" అన్నారు. కనీసం ఫైలు పేరైనా మార్చుకోనా? తప్పో ఒప్పో చెప్పు.

నీ కరపత్రం మాత్రం జిరాక్స్‌ల మీద జిరాక్స్‌లు తీసుకుంటున్నారు. నీ "క్ష" ఎవరికీ అర్థం కావడం లేదు.

ఉమ

*

టోవా పాయో
2 మే 2000

ఉమక్కా,

ఇది చదివేటప్పుడు లేచి నిలబడు. నువ్వు కట్టింది సైటు కాదు, సంఘం! సరిగ్గా దీని కోసమే నేను మనచోటు పెట్టింది. ట్యాంకులో ఊపిరాడని మనిషి మాట లోకం చదువుతోందంటే ఇంకేం కావాలి!

మొన్న ఆదివారం లిటిల్ ఇండియాలో నూకరాజుని కలిశాను. బక్కమనిషి. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు. ఏసీ నెట్ షాపు కుర్చీలో కూర్చోడానికి ఒప్పుకోలేదు, ప్యాంటుకి రంగుంది, అంటుకుంటుందని. నిలబడే చెప్పాడు. ఆయనకి చదువు రాదు కాబట్టి నేనే కొట్టాను.

"పేరెందుకు బాబూ?" అన్నాడు.

"పేరు లేకపోతే మీ ఇంటికి కబురెలా చేరుతుంది?"

"ట్యాంకు మాట నానే చెప్పినానని తెలిత్తే మరి నన్నుంచుతారేటి?"

"మాట కనిపిస్తుంది. పేరు ఎవరికీ కనిపించదు. నా ప్రాణం మీద ఒట్టు."

నవ్వాడు. "పేణం పెద్ద మాట బాబూ. సర్లే, కొట్టు" అన్నాడు.

ఇక మీ రామారావు సారు సంగతి. ఆయన పుస్తకాలు పట్టుకుని పాఠం చెప్పే మనిషి. నేను నడిపే మనిషిని. ఫైలు వేరేచోట పెట్టాలంటే ప్రతివాడికీ నేను చేత్తో ఇంకో ఫోల్డర్ తెరవాలి, దానికి అనుమతులు రాయాలి, ఎవడు ఎవడో కనుక్కోవాలి. అప్పుడు మనచోటుకీ ప్రభుత్వాఫీసుకీ తేడా ఏముంది? ఇప్పటికే నూట అరవై సైట్లు. అందరూ నా పాఠం చూసే కట్టారు, అన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి. ఈ వివేక్ కూడా ఇదే నస. "గా ఫైలు బయట పెట్టు భయ్, బయట పెట్టు." నీకు భయమైతే తాళంకప్పల షాపు పెట్టుకోరా అన్నాను.

నీ సొంత తెలివి కలపకు అక్కా. ఫైలు పేరు మారిస్తే ప్రోగ్రాంలో నాలుగుచోట్ల మార్చాలి, ఒకచోట మర్చిపోతావు, సైటు ఆగిపోతుంది, నన్ను తిడతావు. పాఠంలో ఉన్నది ఉన్నట్టు కొట్టు. ఏదైనా అయితే నాదీ పూచీ.

విజయోస్తు!

శ్రీనాథ్

*

పలాస
6 జూలై 2000

శ్రీనూ,

నిన్న బసవయ్య సెంటర్‌కి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో బ్యాగు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. నేను టీ తెప్పిస్తానేమోనని చూశాడు కూడా.

"ఏమ్మా ఉమా, మంచి పని చేస్తున్నావట. మా కుర్రాళ్ళకి కబుర్లు చేరేస్తున్నావట."

"అవునండీ."

"నేనూ ఓ కబురు తెచ్చాను" అని బ్యాగులోంచి కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. ఒక పేరు, పని నంబరు ఇంత, ఊరు ఫలానా. తరవాత పేరు. ఆ తరవాత పేరు. నూకరాజుతో కలిపి నలభై ఒక్క పేర్లురా. నా ఫైల్లో ఉన్న వరసలో. మధ్యలో నేను ఒకరి ఊరి పేరు తప్పు కొట్టాను, ఆ తప్పుతో సహా.

"ఈళ్ళకి ఉద్యోగం ఎవరు పెట్టించారమ్మా? నువ్వా? వాళ్ళు తిన్న చోటే ఉమ్మేత్తన్నారు. కంపెనీవాళ్ళకి కూడా ఓ కాపీ పంపాను, మన మీదకి మాట రాకుండా" అన్నాడు. లేస్తూ, "మంచి పనే. మానకు" అన్నాడు.

పేజీ ఆపేశాను. రత్తమ్మ గుమ్మంలోనే ఉంది, అంతా వింది. "ఒట్టేసినాడన్నావు గదమ్మా మీ తమ్ముడు" అంది. నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను ఆవిడకి, మే నెలలో. సంతోషపడుతుందని.

నేను పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వలేదు. కాగితం మీద రాయలేదు. ఆ పేర్లు బయటికెలా వచ్చాయి? నువ్వు చూసి చెప్పాలి. వెంటనే చెప్పు.

ఉమ

*

టోవా పాయో
17 జూలై 2000

ఉమక్కా,

సర్వర్లో ఏ తప్పూ లేదు. అంతా చూశాను.

తప్పు నీ సెంటర్లోనే జరిగి ఉండాలి. నువ్వు స్క్రీన్ తెరిచిపెట్టి భోజనానికి పోతావు, నాకు తెలియదా? పదిమంది కూర్చుని లేచే చోట పాస్‌వర్డ్ కొడుతుంటే వెనకనుంచి చూసినవాడెవడో ఉంటాడు. ఇంత పెద్ద పని నెత్తికెత్తుకున్నప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దూ? సంఘం నడపడమంటే జిరాక్స్ మిషన్ నడపడం కాదు. నలభై ఒక్కమంది అక్కా! నేను ఆయనకి ఒట్టేసి చెప్పాను. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

బసవయ్యలాంటివాళ్ళ సంగతి ఒకరోజు తేలుతుంది. ముందు నీ పాస్‌వర్డ్ మార్చు.

శ్రీనాథ్

*

పలాస
4 ఆగస్టు 2000

శ్రీనాథ్,

నూకరాజు జూలై ఇరవై ఆరున వచ్చేశాడు. ముందురోజు పొద్దున పనికి వెళ్తే గేటు దగ్గర పర్మిట్ రద్దయిందన్నారట. బట్టలు సర్దుకోవడానికి గంట ఇచ్చారు. రత్తమ్మ తమ్ముడు ఆ వేళ ట్యాంకులో ఉన్నాడు. బావ వెళ్ళిపోయినట్టు వాడికి సాయంత్రం పైకొచ్చాక తెలిసింది.

నీ ప్రశ్నకి జవాబు రామారావు సారు ఇచ్చారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా పేజీ అడ్రసు కొట్టి, దాని చివర నీ పాఠంలోని ఫైలు పేరు చేర్చారు. పాస్‌వర్డ్ అడగలేదు. ఏదీ అడగలేదు. నేను పేజీ ఆపేసినా ఫైలు దిగడం మొదలైంది. నీలం గీత మెల్లగా నిండుతుంటే చూస్తూ కూర్చున్నాను. తెరిస్తే అందులో నూకరాజు పేరు.

తరవాత ఆయన జీడిపప్పు షాపు వాళ్ళ సైటుకి అలాగే కొట్టారు. వచ్చింది. ట్యూటోరియల్ వాళ్ళది కొట్టారు. వచ్చింది. అందరూ నీ పాఠం చూసి ఉన్నది ఉన్నట్టు కొట్టినవాళ్ళే. అందరి ఫైలుకీ ఒకటే పేరు. బసవయ్య మేనల్లుడూ సారు దగ్గరే నేర్చుకుంటున్నాడట, వాడికీ మనచోటులో సైటుందట. వాడు దొంగతనమేమీ చెయ్యలేదు. తన ఫైలు ఎలా ఉందో, నాదీ అలాగే ఉంటుందనుకుని కొట్టి చూశాడు.

నీ మే నెల ఉత్తరంలో రెండో కాగితానికి జిరాక్స్ తీసి దీనితో పెడుతున్నాను. నేనేమీ గీతలు గీయలేదు. చదువుకో.

ఉమ

*

టోవా పాయో
28 ఆగస్టు 2000

ఉమక్కా,

ఎన్నిసార్లు మొదలుపెట్టినా చివరికి నన్ను నేను సమర్థించుకుంటున్నట్టే వస్తోంది. చించేశాను. సూటిగా రాస్తాను.

నీ జూలై ఉత్తరం అందిన రోజే నాకు తెలుసు.

సర్వర్ ప్రతి రాకపోకనీ ఒక వరసలో రాసిపెడుతుంది. నీ ఉత్తరం చదివి వెళ్ళి చూశాను. జూన్ 21. కబురు పేజీ, పేర్లు ఫైలు, అడిగినవాడికి పూర్తిగా ఇచ్చినట్టు రాసి ఉంది. ఒకే ఒక్క లైను. దాని ముందర అరగంటసేపు కూర్చున్నాను. ఆంటీ వచ్చి "మకాన్ అయిందా తంబి?" అని భోజనం సంగతి అడిగితే అయిందన్నాను. కాలేదు. ఆ తరవాత లేచి, నీ మీద ఆ ఉత్తరం రాసి, లిఫ్ట్ దిగి, పోస్టు డబ్బాలో వేశాను. తెలిసే వేశాను అక్కా.

ఎందుకంటే అప్పటికి మూడువందల పన్నెండు సైట్లు. తప్పు నాదని ఒప్పుకుంటే అందరికీ చెప్పాలి, మనచోటు కూలిపోతుంది, వివేక్ గెలుస్తాడు. నిజంగా ఇంతే. నలభై ఒక్కమంది ఉద్యోగాలు ఒకపక్క, వివేక్ గెలవడం ఒకపక్క పెట్టి చూసుకున్నాను నేను.

నువ్వు పంపిన జిరాక్స్ వివేక్‌కి ఇచ్చాను. వాడు చదివి, "ఫైళ్ళెన్ని?" అన్నాడు. మూడువందల పన్నెండు అన్నాను. చొక్కా మార్చుకుని వచ్చి కూర్చున్నాడు. నేను చెప్పినా కదా అని ఒక్కమాటన్నా బాగుండేది. అనలేదు. కొత్త సైట్లు ఆపేశాం. ఉన్నవాళ్ళ ఫైళ్ళు ఒక్కొక్కటీ బయటి ఫోల్డర్లోకి మారుస్తున్నాం. మారుస్తుంటే సైట్లు ఆగిపోతున్నాయి, జనం తిట్టిపోస్తున్నారు. మొదటి పేజీలో నా పేరుతో రాసిపెట్టాను: తప్పు పాఠం రాసింది నేను, మీరు దాచుకున్నవి ఎవరైనా చూసి ఉండొచ్చు అని.

నిన్న ఆదివారం మిగిలిన నలభైమందికి చెప్పడానికి వాళ్ళ డార్మిటరీకి వెళ్ళాను. నాకు దారి తెలియక కాదు, ధైర్యం చాలక కృష్ణయ్య అంకుల్‌ని తీసుకెళ్ళాను. బస్సులో ఆయన ఒకటే చెప్పారు. "నిలబడి చెప్పకు తంబి. మేనేజర్‌లా ఉంటావు. కింద కూర్చుని చెప్పు."

కూర్చుని చెప్పాను. కొందరు లేచి వంటకి వెళ్ళిపోయారు. ఒకాయన ఇస్త్రీ చేస్తూ తల ఎత్తకుండానే అడిగాడు, "నువ్విప్పుడు మా పేర్లు తుడిచేత్తే బసవయ్య కాయితమ్మీద కూడా పోతాయేటి బాబూ?"

పోవు అన్నాను.

వస్తుంటే రత్తమ్మ తమ్ముడు గేటు దాకా వచ్చాడు. ప్లాస్టిక్ సంచిలో పోసిన టీ చేతిలో పెట్టాడు. "మా బావకి చెప్పినావా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"మరాయన తరవాత గదా మేం?"

తిరిగొచ్చే బస్సులో అంకుల్ ఇల్లు దగ్గరపడుతుండగా, "నేనూ ఆ ట్యాంకుల్లో దిగినవాడినే. మాకు తాడుండేది" అన్నారు.

నన్ను క్షమించమని అడగడం లేదు. నేను రాసిన ఆ జూలై ఉత్తరం మాత్రం నీ దగ్గరుంచుకో. పారెయ్యకు. ఎప్పుడైనా నేను మళ్ళీ బల్ల గుద్దితే దానికీ ఓ జిరాక్స్ పంపు. దీనితో ఇంకో కవరు పెడుతున్నాను, నూకరాజు గారికి. చదివి వినిపించు.

శ్రీను

*

పలాస
24 సెప్టెంబరు 2000

శ్రీనూ,

ఆ కవరు విప్పలేదు. తిరిగి పంపుతున్నాను. ఆయనకి చదువు రాదు. నీ క్షమాపణ నా గొంతుతో ఆయనకి ఎందుకు వినిపించాలిరా? ఒట్టు నీ నోటితో వేశావు. ఇదీ నీ నోటితోనే చెప్పు.

నువ్వు నా మీద రాసిన ఉత్తరం గురించి నేనేమీ రాయను. వారం రోజులపాటు పాస్‌వర్డ్ ఎవరైనా చూశారేమోనని సెంటర్‌కి వచ్చినవాళ్ళందరి ముఖాలూ అనుమానంగా చూశాను. రత్తమ్మని కూడా. అది మాత్రం నీకు తెలియాలి.

నూకరాజు ఇప్పుడు జీడి ఫ్యాక్టరీలో గింజలు కాల్చే దగ్గర చేస్తున్నాడు. ఆ పొగ ట్యాంకు వాసన కంటే నయమేనంటాడు. నిన్న రత్తమ్మతో కలిసి వచ్చాడు. నువ్వు ఒప్పుకున్న సంగతి చెప్పాను. "పేణం మీద ఒట్టేసినోడు బాగానే ఉన్నాడు గదమ్మా. ఉండనీ. ఆడి పేణం నాకెందుకు?" అన్నాడు.

రత్తమ్మ ఊరుకోలేదు. "నీకొద్దు. మా తమ్ముడింకా ఆ ట్యాంకులోనే ఉన్నాడు" అంది.

అప్పుడు ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "రాయమ్మా. ఈసారి నా పేరు పైనే రాయి. ఇంక దాసడానికేటుంది?" అన్నాడు. ఆయన చెప్పినట్టే రాశాను:

"నా పేరు నూకరాజు. నేను ఓడ ట్యాంకులో రంగేసినాను. లోపల నలుగురం, మాస్కు ఒకటి. వంతులేసుకుని పెట్టుకున్నాం. మార్చి నెలలో నేను లోపల పడిపోతే మా బావమరిది నన్ను భుజాన వేసుకుని నిచ్చెనెక్కినాడు. తాడుంటే ఆడు అలా ఎక్కక్కర్లేదు. నన్ను పంపించేసినారు. సరే. తాడు కట్టండి."

ఇంతే. పేజీకి కావలసింది ఈ నాలుగు ముక్కలే. దీని వెనక ప్రోగ్రాం అక్కర్లేదు, దాచే ఫైలూ అక్కర్లేదు. నువ్వు చిన్నచూపు చూసిన ఉత్త గోడ చాలు. పెట్టు.

ఇంకొకటి. నువ్వక్కడ మూడువందల ఫైళ్ళు మార్చేస్తున్నావు, బానే ఉంది. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా తిరుగుతున్న నీ పాఠం జిరాక్స్‌లని ఏ సర్వర్లోంచి తీసేస్తావు? నిన్న కూడా ఒకమ్మాయి పట్టుకొచ్చింది, నాలుగో పేజీ ఎలా కొట్టాలని అడగడానికి.

ఉమ

*

టోవా పాయో
5 నవంబరు 2000

ఉమక్కా,

నూకరాజు గారి మాట ఆయన పేరుతో మొదటి పేజీలో పెట్టాను. తెలుగులో నా చేత్తో రాసింది, కింద ఇంగ్లీషులో వివేక్ రాసింది. అంకుల్ దాన్ని ప్రింటు తీయించి మడిచి జేబులో పెట్టుకుని, షిప్‌యార్డులో ఇప్పటికీ పనిచేస్తున్న తన పాత ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చారు. "సుసా పని తంబి, చూద్దాం" అన్నారు. సుసా అంటే ఇక్కడ కష్టమని.

దీనితో కొత్త పాఠం పెట్టాను, రెండే పేజీలు. మొదటి వాక్యం: "తొలి పాఠం నాలుగో పేజీలో నేను తప్పు రాశాను." రామారావు సారుకి చూపించు. ఆయన ఒప్పుకున్నాకే జిరాక్స్ తీయించు. తప్పులుంటే కొట్టెయ్యమను, నేను వాదించను. "క్ష" గుండ్రంగా రాశాను, చూడు.

నిన్న డార్మిటరీకి మళ్ళీ వెళ్ళాను, ఒక్కడినే. ఇస్త్రీ చేసిన ఆయన ఈసారి కూర్చోమన్నాడు. రత్తమ్మ తమ్ముడు చెప్పాడు, ఆ ట్యాంకు మూత దగ్గర తాడు కట్టారట. ఒక్క ట్యాంకుకే. పక్కవాటికి లేదు. మాస్కు ఇంకా నలుగురికి ఒకటే. నూకరాజు గారిని మళ్ళీ పిలుస్తారా అని అడిగాను. వాడు నవ్వాడు.

ఈ తాడు సంగతి ఆయనకి నువ్వు చెప్పకు అక్కా. రత్తమ్మ గారికీ చెప్పకు. సెలవు దొరికింది, డిసెంబరు పదకొండున పలాసలో దిగుతాను. ముందు ఫ్యాక్టరీకే వెళ్తాను. కింద కూర్చుని చెప్తాను. ముందు ఒట్టు సంగతి, ఆ తరవాతే తాడు.

శ్రీను